వెనక పేజీ తిప్పకుండానే జవాబు తప్పో ఒప్పో తెలుసుకోవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, పాఠం చదివితే అర్థమవుతుంది. కానీ ఫిజిక్స్, కెమిస్ట్రీ హోంవర్క్‌లో లెక్క ఇస్తే ఏదో ఒక ఫార్ములాలో అంకెలు వేసి జవాబు తెస్తున్నారు, అది పుస్తకం వెనక ఉన్న జవాబుతో కలవడం లేదు, తప్పు ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. మీరు చేసిన మూడు లెక్కలు కూడా పెట్టారు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ మూడింట్లోనే ఉంది కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

మొదటిది: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు, బ్రేకు వేశాక 40 మీటర్లు వెళ్లి ఆగింది. దాని త్వరణం ఎంత? మీకు వచ్చింది మైనస్ 64.8.

రెండోది: 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న 100 గ్రాముల నీళ్లలో సున్నా డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల మంచు వేస్తే చివరికి ఉష్ణోగ్రత ఎంత? మీకు వచ్చింది మైనస్ 15 డిగ్రీలు.

మూడోది: 10 గ్రాముల హైడ్రోజన్‌ను 64 గ్రాముల ఆక్సిజన్‌తో మండిస్తే ఎన్ని గ్రాముల నీరు వస్తుంది? మీకు వచ్చింది 90 గ్రాములు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఈ రెండు సబ్జెక్టులూ చెబుతున్నాను. మీ కాగితం చూడగానే నాకు ముందు కనిపించిన విషయం, మీ కూడికలు, గుణకారాల్లో ఒక్క తప్పు కూడా లేదు. ఫార్ములాలూ సరిగ్గానే గుర్తున్నాయి. అంటే మీకు లోటుగా ఉన్నది లెక్కలు చేసే శక్తి కాదు. మూడు జవాబుల్లో ప్రతిదీ తాను తప్పని తానే చెబుతోంది, మీరు దాన్ని వినిపించుకోలేదు, అంతే. వెనక పేజీ లేకుండా నా జవాబు నమ్మదగ్గదో కాదో నేనే చెప్పగలగడం, హోంవర్క్ వల్ల రావాల్సిన అసలు నైపుణ్యం అదే అని నేను గట్టిగా నమ్ముతాను. పరీక్ష హాల్లో వెనక పేజీ ఉండదు కదా.

ఒక్కొక్కటిగా చూద్దాం.

కారు లెక్క. తుది వేగం సున్నా, తొలి వేగం 72, దూరం 40. తుది వేగం వర్గం = తొలి వేగం వర్గం + 2 × త్వరణం × దూరం. ఇందులో 72 వేస్తే 5184 ÷ 80 = 64.8, మైనస్ గుర్తుతో. ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఈ అంకెను దేనితోనైనా పోల్చి చూడండి. పైనుంచి వదిలేసిన రాయి త్వరణం సుమారు 9.8. మీ కారు దానికి ఆరు రెట్లకు పైగా తీవ్రంగా ఆగిందన్నమాట. మామూలు కారు టైర్లు పొడి రోడ్డు మీద ఎంత గట్టిగా పట్టుకున్నా 10 దాటడం కష్టం. ఆ లెక్కన 64.8తో ఆగితే అది బ్రేకు కాదు, గోడను గుద్దుకోవడం. అక్కడే అనుమానం రావాలి.

తప్పు ఎక్కడుందో అంకె పక్కన యూనిట్ రాసి ఉంటే ఇంకా ముందే తెలిసేది. మీ కాగితం మీద 72 అని ఉంది, పక్కన ఏమీ లేదు. 72 కిలోమీటర్లు, గంటకు, అని పూర్తిగా రాసి దాని వర్గాన్ని మీటర్లతో భాగించి చూడండి. కిలోమీటర్లు, గంటలు, మీటర్లు అన్నీ కలిసిపోయి మీటర్లు, సెకన్లు మాత్రమే మిగలాల్సిన చోట గందరగోళం కనిపిస్తుంది. 72 × 1000 ÷ 3600 చేస్తే సెకనుకు 20 మీటర్లు. ఇప్పుడు 400 ÷ 80 = 5. త్వరణం సెకను వర్గానికి మైనస్ 5 మీటర్లు. గట్టి బ్రేకు, కానీ జరగగలిగేదే.

దీన్ని ఇంకో దారిలో సరిచూడొచ్చు. సెకనుకు 5 చొప్పున వేగం తగ్గితే 20 నుంచి సున్నాకు రావడానికి 4 సెకన్లు. ఆ 4 సెకన్లలో సగటు వేగం 10. పది నాలుగులు 40 మీటర్లు. లెక్కలో ఇచ్చిన దూరం అదే. ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో తిరిగొస్తే బయల్దేరిన చోటికే వచ్చాం, ఇక వెనక పేజీతో పనేముంది?

మంచు లెక్క దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మీరొక్కరే కాదు, బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడ పడిపోతారు. మీరు రాసింది ఇది: మంచు తీసుకున్న వేడి = నీరు ఇచ్చిన వేడి. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కాబట్టి 100 × 80, ఆ కరిగిన నీరు చివరి ఉష్ణోగ్రతకు చేరడానికి 100 × ఆ ఉష్ణోగ్రత. ఇటువైపు నీరు ఇచ్చింది 100 × (50 − ఆ ఉష్ణోగ్రత). సాధిస్తే మైనస్ 15. బీజగణితం పక్కాగా ఉంది.

ఇప్పుడు గ్లాసును ఊహించండి. వెచ్చటి నీళ్లు, అందులో సున్నా డిగ్రీల మంచు ముక్కలు. కాసేపటికి రెండింటికంటే చల్లగా, మైనస్ 15 దగ్గర ఏదో తయారైందని మీ జవాబు చెబుతోంది. వేడిది, చల్లనిది కలిపితే వచ్చేది ఆ రెండింటి మధ్యలోనే ఉండాలి కదా. వేడి నీళ్లు పోసిన పాపానికి మంచు ఇంకా గడ్డకట్టడం ఎక్కడా జరగదు.

మరి లెక్క సరిగ్గానే చేస్తే జవాబు ఎందుకు తప్పింది? మీరు రాసిన సమీకరణం ఒక మాట లోలోపల అనుకుని మొదలైంది, మంచు మొత్తం కరిగిపోతుంది అని. ఆ మాట లెక్కలో ఎవరూ చెప్పలేదు. 100 × 80 అని రాసిన క్షణంలో మీరే చెప్పారు. అది నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. 50 డిగ్రీల నీరు సున్నాకు దిగేలోపు ఇవ్వగలిగిన వేడి 100 × 50 = 5000 కేలరీలు. మంచు మొత్తం కరగడానికి కావాల్సింది 8000. చేతిలో ఉన్నది 5000. చాలదు. అంటే కొంత మంచు కరగకుండా మిగిలిపోతుంది, మంచూ నీళ్లూ పక్కపక్కనే ఉన్నంతసేపు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలబడుతుంది. కరిగేది 5000 ÷ 80 = 62.5 గ్రాములు, మిగిలే మంచు 37.5 గ్రాములు, నీళ్లు 162.5 గ్రాములు. కలిపితే 200, మనం పోసినంత. చివరి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు.

చూశారా, సరైన జవాబుకు సమీకరణం కూడా అవసరం పడలేదు. ఇంత ఉంది, ఇంత కావాలి, చాలుతుందా అని అడిగితే సరిపోయింది. ప్రతి ఫార్ములా వెనకా ఇలాంటి షరతు ఒకటి దాక్కుని ఉంటుంది. కారు లెక్కలో వాడిన సూత్రం త్వరణం మారకుండా ఉంటేనే పనిచేస్తుంది. ఓమ్ నియమం ఉష్ణోగ్రత మారనప్పుడే. వాయువుల లెక్కల్లో ఉష్ణోగ్రతను కెల్విన్‌లో వేస్తేనే. ఈ చివరిది మరిచిపోయి 27 డిగ్రీల వాయువును పీడనం మారకుండా 54 డిగ్రీలకు వేడి చేస్తే ఘనపరిమాణం రెట్టింపవుతుందని రాసేవాళ్లు చాలామంది. నిజానికి అది 300 నుంచి 327 కెల్విన్‌కు పెరగడం, అంటే నూటికి తొమ్మిది వంతులే. ఫార్ములాలు కంఠస్థం చేసేటప్పుడు ఈ షరతును కూడా కలిపి నేర్చుకోండి. ఫార్ములా ఒక పక్క, అది ఎప్పుడు చెల్లుతుందో ఇంకో పక్క రాసుకుంటే నోటుబుక్కులో రెండు గీతల చోటు ఎక్కువ పడుతుంది, అంతకుమించి ఖర్చు లేదు.

మూడోది, నీళ్ల లెక్క. 10 గ్రాములూ 64 గ్రాములూ కలిపితే 74. అందులోంచి 90 గ్రాముల నీరు రాదు. రసాయన చర్యలో ద్రవ్యరాశి పుట్టదు, పోదు అని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లవోయిజే 18వ శతాబ్దంలోనే తూచి చూపించాడు. కెమిస్ట్రీలో ఇంతకంటే సులువైన తనిఖీ లేదు, అయినా దీన్ని వాడేవాళ్లు చాలా తక్కువ.

మీరు చేసింది ఏమిటంటే, 10 అనేది 64 కంటే చిన్నది కాబట్టి హైడ్రోజన్ ముందు అయిపోతుంది అనుకున్నారు. దాని మీదే ఆధారపడి 5 మోల్‌ల హైడ్రోజన్, కాబట్టి 5 మోల్‌ల నీరు, 5 × 18 = 90. ఇక్కడ మోల్ అంటే ఏమిటో మీ మనసులో బొమ్మగా లేదు. ఇలా ఊహించండి. మీ దగ్గర ఒక సంచిలో నట్లు, ఇంకో సంచిలో బోల్టులు ఉన్నాయి. ఒక్కో బోల్టుకు రెండు నట్లు బిగించాలి. నట్టు బరువు 2 గ్రాములు, బోల్టు బరువు 32 గ్రాములు. నట్లు 10 గ్రాములు, బోల్టులు 64 గ్రాములు ఉంటే ముందు ఏవి అయిపోతాయి? బరువు చూసి చెప్పలేం, లెక్కపెట్టాలి. నట్లు 5, బోల్టులు 2. రెండు బోల్టులకు నాలుగు నట్లు పోతాయి, ఒక నట్టు మిగిలిపోతుంది. ముందు అయిపోయింది బోల్టులే.

హైడ్రోజన్ అణువు ఆ నట్టు, ఆక్సిజన్ అణువు ఆ బోల్టు. తేడా ఒక్కటే, అణువులను ఒకటీ రెండూ అని లెక్కపెట్టలేం కాబట్టి 6.022 × 10²³ చొప్పున కట్టలు కట్టి లెక్కపెడతాం. ఆ కట్ట పేరే మోల్. (2019 మే 20 నుంచి ఈ సంఖ్యను సరిగ్గా 6.02214076 × 10²³ అని నిర్వచించారు. అంతకుముందు కార్బన్-12 పన్నెండు గ్రాముల్లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనేవాళ్లు.) 2 మోల్‌ల ఆక్సిజన్ 4 మోల్‌ల హైడ్రోజన్‌తో కలిసి 4 మోల్‌ల నీరిస్తుంది. అంటే 72 గ్రాములు. 1 మోల్ హైడ్రోజన్, అంటే 2 గ్రాములు మిగిలిపోతుంది. 72 + 2 = 74. లెక్క కుదిరింది.

ఇలా ముందు అయిపోయి చర్యను ఆపేసే పదార్థాన్ని మీ టీచరు లిమిటింగ్ రీయేజెంట్ అని చెప్పి ఉంటారు. పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా, గ్రాములు అంకెలుగా కనిపించిన ప్రతిచోటా ముందు మోల్‌లలోకి మార్చేయడం అలవాటు చేసుకోండి. 2H₂ + O₂ → 2H₂O సమీకరణంలో అణువుల ముందు ఉండే 2, 1, 2 అంకెలకు గ్రాముల భాష తెలియదు, మోల్‌ల భాషే తెలుసు. గ్రాముల నుంచి మోల్‌లు, మోల్‌ల నుంచి మోల్‌లు, అక్కడినుంచి మళ్లీ గ్రాములు. ఈ దారి తప్ప అడ్డదారి లేదు. సమీకరణం తుల్యం చేసేటప్పుడు అణువుల ముందుండే అంకెను మాత్రమే మార్చండి, అణువు లోపలున్న అంకెను ముట్టుకోవద్దు. నీటి అణువులో ఇంకో ఆక్సిజన్ పరమాణువు చేర్చి సరిపెడితే అది నీరు కాకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది.

మీ మూడు లెక్కలూ అయిపోయాయి. ఇక మీరు అడగకపోయినా చెప్పాలనిపించిన కొన్ని.

జవాబు వింతగా ఉన్న ప్రతిసారీ తప్పు అనుకుని కొట్టేయకండి, అది ఏం చెబుతోందో అడగండి. నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి ఉంది. 25 మీటర్ల ఎత్తున్న గోపురం మీద నిలబడి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది నేలను తాకడానికి ఎంతసేపు? గురుత్వ త్వరణం 10 అనుకుందాం. చాలామంది దీన్ని రెండు ముక్కలు చేస్తారు, పైకి వెళ్లే కాలం వేరు, కిందికి వచ్చే కాలం వేరు. తప్పేం లేదు. కానీ పైకి ప్లస్, కిందికి మైనస్ అని ఒక్కసారి ఖాయం చేసుకుని, మధ్యలో మార్చకుండా ఉంటే ఒకే వాక్యంలో అయిపోతుంది. నేల గోపురం పైభాగానికి 25 మీటర్లు కింద ఉంది కాబట్టి స్థానభ్రంశం మైనస్ 25. కాలం పేరు ‘కా’ అనుకుంటే,

−25 = 20 × కా − 5 × కా²

అయిదుతో భాగించి సర్దితే, కా² − 4కా − 5 = 0. జవాబులు రెండు: 5 సెకన్లు, మైనస్ 1 సెకను.

మైనస్ 1ని అందరూ కొట్టేస్తారు. కాలం మైనస్ ఉండదు అని పక్కన రాస్తారు. నేను పిల్లల్ని ఇక్కడ ఆపి, దాన్ని కొట్టేసే ముందు ఒకసారి మాట్లాడించమంటాను. మీరు బంతి విసరడానికి ఒక సెకను ముందు ఏముంది? సమీకరణానికి మీ చెయ్యి కనిపించదు, గోపురం కనిపించదు. దానికి కనిపించేది ఒక బంతి, గురుత్వాకర్షణ, అంతే. సున్నా సెకను దగ్గర ఆ బంతి 25 మీటర్ల ఎత్తులో 20 వేగంతో పైకి పోతోంది అని మాత్రమే దానికి తెలుసు. అలా పోతున్న బంతి ఒక సెకను ముందు ఎక్కడ ఉండి ఉండాలి? నేల మీద, 30 వేగంతో పైకి లేస్తూ. ఎవరైనా కింద నిలబడి ఒక సెకను ముందు 30 వేగంతో విసిరినా ఈ బంతి ప్రయాణం అచ్చం ఇలాగే ఉండేది. ఇప్పుడు 5వ సెకను దగ్గర వేగం చూడండి: 20 − 50 = మైనస్ 30. నేల నుంచి 30తో లేచింది, నేలకు 30తో తిరిగొచ్చింది. మీరు కొట్టేయబోయిన జవాబే మీ రెండో జవాబుకు సాక్ష్యం చెప్పింది. మన ప్రశ్నకు కావాల్సింది 5 సెకన్లే, మైనస్ 1ని వదిలేయాల్సిందే. కానీ ఎందుకు వదిలేస్తున్నామో తెలిసి వదిలేయాలి.

ఇదే లెక్కలో 10కి బదులు 9.8 వేస్తే 5.08 సెకన్లు వస్తుంది. మీకు 5, పుస్తకంలో 5.08 ఉంటే కంగారు పడి లెక్కంతా చెరిపేయకండి. ముందు ఏ విలువలు వాడారో చూసుకోండి. కెమిస్ట్రీలో ఇలాంటిదే ఇంకోటి ఉంది. 25 గ్రాముల కాల్షియం కార్బనేట్‌ను పూర్తిగా వేడి చేస్తే పావు మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) వద్ద దాని ఘనపరిమాణం ఒక పుస్తకంలో 5.6 లీటర్లు, ఇంకో పుస్తకంలో 5.68 లీటర్లు ఉండొచ్చు. సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ పీడనం తీసుకుంటే మోల్ వాయువు 22.4 లీటర్లు. 1982లో రసాయన శాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ఆ ప్రామాణిక పీడనాన్ని ఒక బార్‌కు మార్చింది, అప్పుడది 22.7 లీటర్లు. రెండూ తప్పు కావు, మీ పుస్తకం ఏది పాటిస్తుందో తెలుసుకుంటే చాలు.

బలాల లెక్కల్లో బొమ్మ గీయకుండా ఎవరూ బాగుపడలేదు. నున్నటి నేల మీద 3 కిలోల దిమ్మ, దాన్ని ఆనుకుని 2 కిలోల దిమ్మ. 3 కిలోల దిమ్మను 10 న్యూటన్లతో నెడితే 2 కిలోల దిమ్మ మీద పడే బలం ఎంత? పది అని వెంటనే వస్తుంది నోట్లోంచి. రెండూ కలిసి 5 కిలోలు, త్వరణం 2. ఇప్పుడు 2 కిలోల దిమ్మను ఒక్కదాన్నే విడిగా గీయండి. దాన్ని ముందుకు నెట్టేది ఒక్కటే, పక్క దిమ్మ. 2 × 2 = 4 న్యూటన్లు. నమ్మకం కుదరకపోతే విపరీతమైన కేసు ఒకటి ఊహించండి. రెండో దిమ్మ బరువు దాదాపు సున్నా, ఒక కాగితం ముక్క అనుకోండి. దాన్ని నెట్టడానికి 10 న్యూటన్లు కావాలా? అక్కర్లేదు. కాబట్టి పది అనే జవాబు నిలబడదు. అంకెలను ఇలా సున్నాకో, బాగా పెద్దదానికో లాగి చూడడం నేను రోజూ వాడే తనిఖీ.

కరెంటు లెక్కల్లో కలం పట్టకముందే ఊహించి రాయండి. 230 వోల్టుల మీద పనిచేసే 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు, రెండూ పాత ఫిలమెంటు రకం, సిరీస్‌లో కలిపారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? వంద అనుకుంటారు. వోల్టేజి వర్గాన్ని పవర్‌తో భాగిస్తే నిరోధం వస్తుంది: మొదటిది సుమారు 882 ఓమ్‌లు, రెండోది 529. సిరీస్‌లో రెండింటిలోనూ ఒకే కరెంటు, సుమారు 0.163 ఆంపియర్లు. కాబట్టి నిరోధం ఎక్కువున్న 60 వాట్ల బల్బే దాదాపు 23.4 వాట్లు తీసుకుంటుంది, 100 వాట్లది 14.1 వాట్లే. మొత్తం 37.5. ఇది 60 కన్నా కూడా తక్కువ ఉండడం సబబే, ఎందుకంటే ఒక్క 60 వాట్ల బల్బే ఉన్నప్పటికంటే ఇప్పుడు దారిలో అడ్డు పెరిగింది. నిజమైన బల్బులో ఫిలమెంటు చల్లగా ఉంటే నిరోధం తగ్గుతుంది కాబట్టి కొలిస్తే అంకెలు కొంచెం మారతాయి, ఎక్కువ వెలిగేది మాత్రం మారదు. ముందు ఊహించి రాసుకున్నవాడికి ఈ లెక్క జన్మలో మరుపు రాదు. ఊహించనివాడికి ఇది పన్నెండో లెక్క, అంతే.

యూనిట్ల గురించి నేనెందుకింత పట్టుబడతానో చెప్పడానికి నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి గాల్లో ఉండగానే ఇంధనం అయిపోయింది. బయల్దేరే ముందు సిబ్బంది చేయాల్సింది మీ హోంవర్క్ లాంటి లెక్కే. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో ఉన్నది 7,682 లీటర్లు. ఇంకా ఎన్ని లీటర్లు పోయాలి? లీటరుకు 1.77 అనే అంకె వాడారు. 7,682 × 1.77 అంటే సుమారు 13,597. ఇంకా కావాల్సింది 8,703. దాన్ని 1.77తో భాగించి 4,917 లీటర్లు పోశారు. గుణకారం, భాగహారం అన్నీ సరే. కానీ ఆ 1.77 పౌండ్లు, కిలోలు కాదు. కిలోల్లో అయితే లీటరు ఇంధనం బరువు సుమారు 0.8. నిజానికి ఇంకా 20 వేల లీటర్లకు పైగా పోయాల్సి ఉంది. పైలట్లు ఇంజిన్లు ఆగిపోయిన విమానాన్ని గ్లైడర్‌లా తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద దించారు. అందరూ బతికారు.

ఆ 1.77 అంకె కూడా మీ మైనస్ 15 లాగే తన తప్పు తానే చెబుతోంది. లీటరు నీళ్లు ఒక కిలో. విమానాల్లో వాడేది కిరోసిన్ లాంటి ఇంధనం, అది నీళ్ల మీద తేలుతుంది. తేలేదాని లీటరు బరువు కిలోకు మించి 1.77 కిలోలు ఎలా ఉంటుంది?

యూనిట్లు తనిఖీకే కాదు, మరిచిపోయిన ఫార్ములాను వెనక్కి తెచ్చుకోవడానికి కూడా పనికొస్తాయి. లోలకం డోలన కాలంలో వర్గమూలం కింద పొడవును గురుత్వ త్వరణంతో భాగించాలా, త్వరణాన్ని పొడవుతో భాగించాలా? మీటర్లను, సెకను వర్గానికి మీటర్లతో భాగిస్తే సెకను వర్గం మిగులుతుంది, దాని వర్గమూలం సెకన్లు. కావాల్సింది కాలం కాబట్టి పొడవే పైన ఉంటుంది. ముందుండే 2π మాత్రం యూనిట్లు చెప్పలేవు, దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే.

ద్రావణాల లెక్కల్లో ఒక చిన్న మాట దగ్గర మార్కులు పోతాయి. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 మిల్లీలీటర్ల ద్రావణం తయారుచేస్తే మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఉండే మోల్‌లు, ఎంత? 4 ÷ 40 = 0.1 మోల్, పావు లీటరు, కాబట్టి 0.4. సులువే. కానీ ఇందులో "250 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే" అని లేదు, "ద్రావణం తయారుచేస్తే" అని ఉంది. ల్యాబ్‌లో ఒకసారి చేసి చూస్తే ఈ తేడా మనసులో నాటుకుపోతుంది. ముందు బీకరులో కొద్ది నీళ్లు తీసుకుని అందులో కరిగిస్తారు. బీకరు వేడెక్కుతుంది, అడుగున చెయ్యి పెడితే తెలుస్తుంది. అది చల్లారేదాకా ఆగుతారు. వేడి మీదే గీత వరకు నింపితే, చల్లారాక ద్రావణం కుంచించుకుని గీత కిందికి జారుతుంది. చల్లారాక సన్నటి మెడ ఉన్న ఫ్లాస్కులోకి వంచి, బీకరుకు అంటుకున్నది కూడా కొద్ది నీళ్లతో కడిగి అందులోనే పోస్తారు. ఆఖర్న కంటిని గీతకు సమానంగా తెచ్చి, నీటి మట్టం వంపు అడుగు ఆ గీతను తాకేదాకా చుక్కచుక్కగా నింపుతారు. ఎంత నీరు పోశారో ఎవరూ కొలవలేదు, చూశారా? కొలిచింది మొత్తం ద్రావణాన్నే. మోలారిటీ కింద ఉండే లీటరు అదే.

ఇక రోజువారీగా ఎలా చేయాలో. లెక్క రెండుసార్లు చదవండి, మొదటిసారి అంకెలు పట్టించుకోకుండా. ఏం జరిగిందో ఒక వాక్యంలో తెలుగులో రాయండి: కారు ఆగింది, మంచు కొంత కరిగింది, వాయువు వేడెక్కి వ్యాకోచించింది. ఆ తర్వాతే ఇచ్చినవి, కావాల్సింది యూనిట్లతో రాయండి. మాటల్లో దాగిన అంకెలను బయటికి తీయండి. "ఆగింది" అంటే తుది వేగం సున్నా, "వదిలేశారు" అంటే తొలి వేగం సున్నా, "నున్నటి" అంటే ఘర్షణ లేదు. ఫార్ములా ఆఖర్న వస్తుంది, అప్పటికి అది వెతకాల్సిన వస్తువుగా ఉండదు.

సాధించిన లెక్క చూసి నేర్చుకోవడం తప్పు కాదు. చూస్తూ రాసుకోవడం మాత్రం నేర్చుకోవడం కాదు. చదివి, అర్థమయ్యాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద మొదటి నుంచి చేయండి. మధ్యలో ఆగిపోతే ఆగిన చోట ఒక గీత గీసి, అప్పుడు తెరిచి చూడండి. ఆ గీత ఉన్న చోటే మీకు రానిది ఉంది. రెండు రోజుల తర్వాత అదే లెక్క మళ్లీ చేయండి. రాత్రికి ముప్పై లెక్కలు హడావుడిగా పూర్తిచేయడం కన్నా ఇలా ఆరు చేయడం నయం అని నా అనుభవం. టీచరును అడిగేటప్పుడు కూడా "ఈ లెక్క రాలేదు" అనకుండా "ఇక్కడిదాకా వచ్చాను, నా జవాబు ఇందువల్ల తప్పనిపిస్తోంది" అని అడిగి చూడండి, వచ్చే సమాధానమే వేరుగా ఉంటుంది.

ఈ రాత్రికి మీకో లెక్క ఇస్తాను. సున్నా డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల మంచులోకి 100 డిగ్రీల దగ్గరున్న 10 గ్రాముల నీటి ఆవిరిని పంపారు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు 540 కేలరీలు ఇస్తుంది. చివరికి పాత్రలో ఏముంటుంది, ఎంత ఉంటుంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర? సమీకరణం రాసేముందు, ఆవిరి ఇవ్వగలిగింది ఎంత, మంచుకు కావాల్సింది ఎంత అని పక్కపక్కన రెండు అంకెలు రాయండి. ఆవిరి నీరుగా మారాక ఆ నీరు కూడా చల్లబడుతూ కొంత వేడి ఇస్తుంది, దాన్ని మరిచిపోవద్దు. జవాబు నేను ఇక్కడ రాయడం లేదు. మీ కాగితం మీద మంచూ నీళ్లూ కలిపి 110 గ్రాములు తేలి, ఉష్ణోగ్రత సున్నా కిందికి పోకుండా ఉంటే, ముందుకెళ్లండి.